ఇరవై ఏడంగుళాల తలుపు

పెద్దక్కని మెడలో టేపు లేకుండా చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. కూరలకెళ్ళినా, పరామర్శకెళ్ళినా ఆ పసుప్పచ్చ గుడ్డ టేపు భుజాలకి అటొక కొసా ఇటొక కొసా వేలాడుతూనే ఉండేది. తుంటి విరిగి ఆపరేషనుకి తీసుకెళ్ళినప్పుడు నర్సు దాన్ని తియ్యబోతే, "మత్తెక్కాక తియ్యి, మత్తు దిగేలోపు మళ్ళీ వేసెయ్. నాకు తెలియాల్సిన పని లేదు," అందట.

ఆవిడ బట్టలు కుట్టేది. ముప్పై ఏళ్ళుగా మూడు వీధుల భుజాలూ నడుములూ ఆవిడకి కంఠతా వచ్చు. ఎవరు ఏ ఏడు లావయ్యారో, ఎవరు కాలేదని బుకాయిస్తున్నారో కూడా వచ్చు. తనకన్నా వయసులో పెద్దవాళ్ళు సైతం "పెద్దక్కా" అనే పిలిచేవాళ్ళు. కొలతలు తీస్తూ ఆవిడ పెట్టే చీవాట్లకి ఆ వరసే నప్పేది. ఇక బట్ట మిగల్చడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. రెండు మీటర్లిస్తే చొక్కా వచ్చేది, దాని వెనకాలే ఎక్కణ్ణించో ఒక దిండు గలీబూ వచ్చేది. గలీబు మాత్రం పెద్దక్క దగ్గరే ఉండిపోయేది. ఆవిడ దిండ్లన్నీ వరసగా పేరిస్తే, ఆ ముప్పై ఏళ్ళలో వీధిలో ఎవరెవరు ఏ రంగు చొక్కా తొడిగారో చెప్పెయ్యొచ్చు.

తుంటి విరిగింది సొంత దుకాణం ముందున్న మూడు మెట్ల మీద. మధ్య మెట్టు మీద కాలు జారి, కిందపడి, అరగంట అలాగే ఉండిపోయింది. ఎదురుగా మేడ. ఆ మేడ రెండో అంతస్తులో సొంత చెల్లెలు. ఒక్క కేక వేస్తే దిగొచ్చేది. పెద్దక్క వెయ్యలేదు. చొక్కా కోసమొచ్చిన పోస్టుమాను ఆవిణ్ణి చూసి హడలిపోతే, "ముందు నీ చొక్కా తీసుకో. అలమారలో రెండో అర," అంది. ఆ తరవాతే ఆటో పిలవనిచ్చింది.

ఎడమ కాలు ఇక బరువు మొయ్యదని డాక్టరు తేల్చేశాడు. చక్రాల కుర్చీ వచ్చింది. కుర్చీ వెనకాలే చెల్లెలు వచ్చింది.

"మా ఇంటికొచ్చెయ్ అక్కా. మేడకి లిఫ్టు లేదు, నిజమే. ముప్పై ఎనిమిది మెట్లు. నలుగురం పట్టుకుని ఎక్కిస్తాం. ఎక్కించేది ఒక్కసారే కదా, మళ్ళీ దిగే పనేముంటుంది నీకు?"

ఆ మాట చెల్లెలు ప్రేమగానే అంది. పెద్దక్క చెవిలో మాత్రం దాని చివరి ముక్కే ఉండిపోయింది. మళ్ళీ దిగే పనేముంటుంది. మర్నాడు పొద్దున్నే మరిదిని పిలిపించింది.

మరిది వడ్రంగి. అన్న పోయి ఇరవై ఏళ్ళవుతున్నా వదినంటే భయం పోనివాడు. అతని షెడ్డు పెద్దక్క దుకాణానికి ఆనుకునే ఉంటుంది. షెడ్డు పక్కన, పాత దూలాలు పడేసుకునే ఖాళీ స్థలం ఒకటుంది.

"అందులో నాకో ఇల్లు కట్టు," అంది పెద్దక్క.

"అందులోనా? ఒక్క లారీ పెడితే జాగా నిండిపోతుంది వదినా."

"నేనేమైనా లారీనా?"

"కాదనుకో. అయినా ఎంత ఇల్లని?"

"ఇంతని నేనెలా చెప్తాను? గుడ్డ చూసి చొక్కా కుడతామా, మనిషిని చూసి కుడతామా? నాకు కొలతలు తియ్యి. నాకు ఎంత కావాలో అంతే ఇల్లు. ఒక్క అంగుళం దండగ కాకూడదు."

మరిది జేబులోంచి ఇనుప టేపు తీశాడు. పెద్దక్క కళ్ళెర్రజేసింది. ఆ రేకు తగిలితే గీసుకుపోతుందంది. చివరికి కొలతలు ఆవిడే తీసుకుంది, తన గుడ్డ టేపుతో, కుర్చీలో కూర్చునే. కూర్చుంటే భుజమెంత ఎత్తు, చెయ్యి పైకెత్తితే ఎంత అందుతుంది, పక్కకి వంగితే ఎంత, మోకాలెంత ఎత్తు, కుర్చీ గుండ్రంగా తిరగడానికెంత. ఆవిడ చెప్పడం, అతను చెవి మీది పెన్సిలు తీసి చేతికందిన చెక్క మీద రాసుకోవడం. కాగితం వాడే అలవాటు మరిదికి లేదు. ఏ ముక్క ఎక్కడ బిగించాలో ఆ ముక్క వెనకే రాసుకుంటాడు. అతను చేసిన బీరువా విప్పి చూస్తే, లోపలంతా ఉత్తరంలా చదువుకోవచ్చు.

"కుర్చీ వెడల్పు?"

పెద్దక్క ఈ చక్రం అంచునుంచి ఆ చక్రం అంచుకి టేపు పట్టింది. "ఇరవై ఆరు."

ఇంటి నమూనా కూడా ఆవిడే గీసింది. గీయడమంటే కాగితం మీద కాదు. పాత దుప్పట్లు ఏడు కలిపి కుట్టి, ఖాళీ స్థలంలో పరిపించి, గోడలుండే చోట ఎర్ర పట్టీ వేసింది. పద్దెనిమిది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. ఆ దుప్పటింట్లో వారం రోజులు కుర్చీ తిప్పింది. చక్రం ఎర్ర పట్టీ తొక్కిన చోటల్లా కుట్టు విప్పి పట్టీ జరిపింది. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "వంటింట్లోంచి వస్తున్నావు, చెప్పులు విప్పు," అని పోస్టుమానుని దుప్పటి మీంచి గెంటేసింది కూడా.

మెట్టన్నది ఉండకూడదంది. మరిది మాత్రం వాన నీళ్ళు లోపలికి రాకుండా నేల ఓ అడుగు ఎత్తు ఉండాల్సిందేనన్నాడు. ఇద్దరూ మొండివాళ్ళే. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు వేస్తే కుర్చీ సునాయాసంగా ఎక్కుతుందని తేలింది.

"ఇంటి వెడల్పుకన్నా వాలే పొడుగు వదినా."

"కోటుకి తోక ఉండదూ? అలాగే అనుకో."

చూరు నాలుగు వైపులా రెండేసి అడుగులు ముందుకి దింపాడు, గోడల మీద వాన కొట్టకుండా. కర్ర ఎక్కడా మట్టిని తాకకుండా ప్రతి స్తంభాన్నీ ఇనుప పాదంలో నిలబెట్టాడు. కిటికీని కూర్చున్న మనిషి కళ్ళకి సరిగ్గా వీధి కనబడేంత కిందకి దించాడు. పొయ్యి బల్ల కింద అరలు పెట్టకుండా ఖాళీ వదిలాడు, మోకాళ్ళు దూరడానికి. స్నానాలగదికి గడప లేదు. నీళ్ళు పోవడానికి నేలే కాస్త వాలుంటుంది. తలుపు పక్కకి జరిగేది. లోపల పట్టుకుని లేవడానికి గోడకి కడ్డీ.

ఇంతవరకూ బాగానే ఉంది. మేకులు కొట్టబోతుంటే మళ్ళీ గొడవ మొదలైంది.

"మేకులొద్దు. స్క్రూలు బిగించు."

"మేకైతే జన్మలో ఊడదు వదినా."

"అదే వద్దంటున్నా. ఊడని కుట్టు కుట్టేది చేతకానివాడు. కుట్టు గట్టిగానూ ఉండాలి, విప్పాలంటే బట్ట చిరక్కుండా రావాలి. రేపు ఒక చెక్క పుచ్చిపోయిందనుకో, ఆ ఒక్కటీ విప్పి మాసిక వేసుకుంటాను. నీ మేకుల పద్ధతిలో ఇల్లంతా పీకాలి."

దానికీ ఒప్పుకున్నాడు. ఇంకొకటుంది. లావైతే వదులు చేసుకోవడానికి ప్రతి చొక్కాలోనూ లోపల కాస్త బట్ట మడిచి వదిలే అలవాటు పెద్దక్కది. స్నానాలగది తలుపు దగ్గర కూడా అలాగే వదలమంది. గోడలో ముప్పై ఒక్క అంగుళాల ఖాళీ ఉంచి, రెండు పక్కలా రెండంగుళాల మందం చెక్కలు స్క్రూలతో బిగించి, దారిని ఇరవై ఏడు చెయ్యమంది.

"ఇల్లు లావవుతుందా వదినా?"

"నేను అవ్వచ్చుగా."

"ఆ చెక్కలేవో లేకుండా ముప్పై ఒకటీ ఉంచేస్తే పోలా?"

"కుర్చీ ఇరవై ఆరు. ఇరవై ఏడు చాలు. నీ మాట వింటే ఇల్లంతా తలుపులే, నా మిషను ఎక్కడ పెట్టుకోను? పక్క చెక్కకి ఆనించి నా కత్తిరింపుల బల్ల రావాలి."

ఏడడుగుల చెక్క ఒకటిగా దొరక్క, మరిది ఆ పక్కలకి ఒక్కోదానికీ మూడేసి ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించాడు. ఆ ముక్కల్ని బిగించింది అన్నిటికన్నా ఆఖర్న. వాటికి వారం ముందే పెద్దక్క కుర్చీలో ఇల్లంతా తిరిగి, స్నానాలగదిలోకి జామ్మని వెళ్ళొచ్చి, "సరిపోయింది," అనేసింది.

ఇదంతా చెల్లెలు మేడ మీంచి చూస్తూనే ఉంది. ఇల్లు పూర్తయిన సాయంత్రం దిగొచ్చింది. చుట్టూ తిరిగి చూసింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

"ఇల్లు సంగతి కాదక్కా నా భయం. నువ్వు పడ్డ రోజు అరగంట నేను కిటికీలోనే ఉన్నాను, చిక్కుళ్ళు ఒలుచుకుంటూ. ఒక్క కేక వెయ్యలేదు నువ్వు. ఈ డబ్బాలో ఏమైనా అయితే మాత్రం వేస్తావా?"

"ఏమీ అవ్వదు. కేక వేసే అవసరమే రాదు."

"అంత ధీమాగా ఉందా? అయితే రేపు తేల్చుకుందాం. పొద్దున్న ఆరింటినుంచి దీపాలు పెట్టేదాకా నువ్వు లోపల, నేను బయట స్టూలు మీద. ఒక్కసారి సాయం పిలిచావా, నన్నైనా, బావగారినైనా, దారినపోయేవాళ్ళనైనా, అప్పుడిక మా మేడకి నడు."

"నడవలేనుగా."

"మోయిస్తాను."

"పిలవకపోతే?"

"మేడ మాట ఇంకెత్తను."

బావగారంటే మరిదే. అక్క మరిది చెల్లెలికి బావ వరస. ఇద్దరికీ మధ్య నిలబడి, ఏ పక్క తలూపితే ఏ పక్కనుంచి తిట్లొస్తాయో తెలియక పైకప్పు వంక చూశాడు.

మర్నాడు ఆరింటికి పెద్దక్క వాలు మీద కుర్చీ తనే తోసుకుంటూ లోపలికి వెళ్ళింది. చెల్లెలు చూరు కింద స్టూలు వేసుకుని, కాళ్ళ దగ్గర పెద్ద ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. మరిది షెడ్డులో ఒక చెక్క మీద చిత్రిక పట్టడం మొదలెట్టాడు. ఏ చెక్కో ఎందుకో అతనికే తెలియదు.

పెద్దక్క లోపల పొయ్యి వెలిగించింది. మోకాళ్ళు బల్ల అంచుకి రాసుకున్నాయి. 'మరిదికి చూపు మందగించింది, అంగుళం కిందకి దించాడు,' అనుకుంది. పై అర అందింది కానీ, అదీ అనుకున్నదానికన్నా కాస్త కిందే. 'రెండు కళ్ళూ మందగించాయి.' తింది, కడుక్కుంది, మిషను ముందు కూర్చుని కుడికాలితో తొక్కుతూ ఒక చొక్కా అంచు మడిచింది.

"అక్కా, టీ," అంటూ చెల్లెలు కిటికీలోంచి గ్లాసు అందించింది.

"ఇది సాయం కిందకి రాదుగా?"

"నువ్వు పిలవలేదుగా, నేనే ఇచ్చాను."

ఎనిమిదిన్నరకి ఇంకో గ్లాసు. తొమ్మిదిన్నరకి ఇంకోటి. మూడో గ్లాసు అందిస్తూ చెల్లెలు పెట్టిన మొహం చూస్తే పెద్దక్కకి విషయం అర్థమైంది. చిన్నప్పుడు దొంగాటలో గెలిచే ముందు పెట్టే మొహమే అది. అర్థమయ్యేసరికి మూడు గ్లాసులూ కడుపులో ఉన్నాయి.

పదింటికి పెద్దక్క హుందాగా స్నానాలగది వైపు తిరిగింది. తలుపు పక్కకి జరిపింది. చక్రాలు గట్టిగా తోసింది.

కుర్చీ సగం వెళ్ళి ఆగిపోయింది.

ఇంకోసారి తోసింది. రెండు చక్రాల అంచులూ రెండు చెక్కల మధ్య బిరడాలా బిగుసుకున్నాయి. వెనక్కి లాగింది. రాలేదు. ముందు చూస్తే రెండడుగుల దూరంలో కావలసిన చోటు కనబడుతోంది. కనబడుతున్న కొద్దీ అవసరం ఎక్కువవుతోంది. పట్టుకుని లేద్దామంటే కడ్డీ అవతలి గోడకుంది.

బయట చెల్లెలు ఏదో కూనిరాగం తీస్తోంది.

ఒక్క మాట అంటే చాలు. మరిది పరిగెత్తుకొస్తాడు, చెల్లెలూ వస్తుంది. ఆ తరవాత ముప్పై ఎనిమిది మెట్లు, మళ్ళీ దిగే పనుండదు. పెద్దక్క నోరు తెరవడం, మూసెయ్యడం రెండుసార్లు జరిగింది. ఇరవై ఏడులో ఇరవై ఆరు ఎలా ఇరుక్కుంటుందన్నది మాత్రం ఎంత ఆలోచించినా తేలలేదు.

అప్పుడు చెయ్యి దానంతటదే చొక్కా బిగుతైనప్పుడు చేసే పని చేసింది. పక్క కుట్టు తడిమింది. ఎడమ చెక్క. లోపల మడిచి వదిలిన రెండంగుళాలు.

కుర్చీ చేతికి వేలాడే సంచిలో కత్తెరా, మిషను స్క్రూడ్రైవరూ ఎప్పుడూ ఉంటాయి. కింది ముక్కకి నాలుగు స్క్రూలు. పై రెండూ తేలిగ్గానే వచ్చాయి. కింది రెంటికోసం ముక్కు మోకాలికి తగిలేలా వంగాల్సొచ్చింది. వంగితే కడుపు మీద ఒత్తిడి. పెద్దక్క మనసులో చెల్లెల్నీ, ఫ్లాస్కునీ, టీ కనిపెట్టినవాణ్ణీ వరసగా తిట్టుకుంటూ ఒక్కో మెలికా తిప్పింది. నాలుగోది కూడా ఊడాక కత్తెర పిడితో చెక్కని రెండు దెబ్బలేసింది.

"అక్కా, ఏంటా చప్పుడు?"

"కుట్టు విప్పుతున్నా."

"సుత్తితోనా?"

"మందం గుడ్డ."

చెక్క ఊడి ఒళ్ళో పడింది. కుర్చీ జర్రున ముందుకెళ్ళింది. తరవాత సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు కానీ, జీవితంలో అంత హాయి ఇంకెప్పుడూ ఎరగనని మాత్రం చాలాసార్లు అంది.

సాయంత్రం ఎదురు మేడలో మొదటి దీపం వెలగగానే పెద్దక్క తలుపు తీసి చూరు కిందకి వచ్చింది. కుర్చీ చేతుల మీద అడ్డంగా ఓ చెక్క, చెక్క మీద మూడు గ్లాసుల టీ, ఒక పళ్ళెంలో బిస్కెట్లు.

"ఏమయ్యా, నువ్వూ రా. ఆ చెక్కని ఇంకా అరగదీశావంటే ఉత్తరాలు రాసుకోవచ్చు దాని మీద."

మరిది వచ్చాడు. గ్లాసు తీసుకున్నాడు. చెక్క చూశాడు. రెండున్నర అడుగుల పొడవు, రెండంగుళాల మందం, నాలుగు బెజ్జాలు. టీ ముక్కులోకెళ్ళింది.

"వేడిగా ఉందా బావగారూ?" అంది చెల్లెలు.

"కాదు మరదలుగారూ. పళ్ళెం, ఆ చెక్క... బాగుంది."

"మీరు చేసిందేగా."

"నేనే. నేనే చేశాను."

టీ అయ్యాక చెల్లెలు గ్లాసులు తీసేసింది. అలవాటు కొద్దీ చెక్కని తుడిచింది. తిరగేసి తుడవబోయి ఆగింది. వెనక మరిది చేతిరాతతో పెద్ద పెద్ద అక్షరాలు: 'స్నానాలగది. ఎడమ. కింద.'

మరిది షెడ్డులో పనున్నట్టు అటు చూశాడు. పెద్దక్క మెడలో టేపు చుట్టలు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. చెల్లెలు ఆ నాలుగు బెజ్జాల్నీ వేలితో ఒక్కొక్కటే తడిమింది.

"సుత్తి చప్పుడప్పుడేనా?"

"ఊఁ."

"ఎంతసేపు ఇరుక్కున్నావు?"

"కాసేపు."

"నేను పది అడుగుల దూరంలో కూర్చున్నాను."

"పిలిస్తే పందెం పోతుందిగా."

చెల్లెలు చెక్కని చంకలో పెట్టుకుంది. మొహం అటు తిప్పుకునే అంది. "సరే. పిలవలేదు కాబట్టి నువ్వే గెలిచావు. మేడ మాట ఎత్తను. కానీ పందెం అయిపోయింది అక్కా. రేపటినుంచి పిలిస్తే ఓడిపోవు. అది గుర్తుంచుకో."

చెక్క తిరిగివ్వకుండానే మేడెక్కి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక మరిది ఇనుప టేపు తీసి, వదిన వద్దంటున్నా వినకుండా కుర్చీ వెడల్పు కొలిచాడు. ఇరవై ఏడు దాటింది. గుడ్డ టేపు పట్టాడు. ఇరవై ఆరు. రెండు టేపులూ పక్కపక్కన పరిచి చూశాడు. ముప్పై ఏళ్ళు లాగీ లాగీ గుడ్డ టేపు సాగిపోయింది. మనిషినీ గుడ్డనీ ఒకే టేపుతో కొలిచినంతకాలం చొక్కాలకి ఏ లోటూ రాలేదు. పెద్దక్క గుడ్డదానితో కొలిచి, మరిది ఇనుపదానితో కొయ్యబట్టే ఇల్లంతా పిసరు బిగుతైంది.

"చూశావా వదినా."

పెద్దక్క రెంటినీ చాలాసేపు చూసింది. "నీది కుంచించుకుపోయింది," అంది. "ఇనుము వానకి తడిస్తే అంతే."

మరిది టేపు జేబులో వేసుకున్నాడు. పొయ్యి బల్లని ఎత్తు పెంచుతానన్నాడు. పెంచడానికి స్క్రూలు విప్పితే చాలు కదా అని ఆవిడ గుర్తుచేసింది.

మర్నాడు పొద్దున్న పదింటికి వీధి వీధంతా వినబడేలా ఒక కేక వినిపించింది. చెల్లెలు చేతిలో గరిటె అలాగే పట్టుకుని, ముప్పై ఎనిమిది మెట్లూ దిగి, రొప్పుతూ వాలెక్కి వచ్చింది. పెద్దక్క మిషను ముందు నిక్షేపంలా కూర్చుని ఉంది.

"ఏమైంది అక్కా?"

"సూదిలో దారం ఎక్కించి పో. కనబడట్లేదు."

"దీనికా అంత కేక?"

"పిలవమన్నావుగా."

చెల్లెలు తిట్టింది. తిడుతూనే సూది అందుకుంది. ఆ రోజునుంచి పదకొండేళ్ళు, దాదాపు రోజూ ఆ వేళకి ఆ కేక. దారమని, కాజా అని, ఈ రంగు నప్పిందా చూసి చెప్పమని. నిజంగా అవసరమైంది రెండుసార్లే. ఆ రెండుసార్లూ కేక మిగతా రోజులంత గట్టిగానే వచ్చింది. చెల్లెలు అంత తొందరగానూ దిగింది.

ఆ ఇల్లు రెండు పెద్ద గాలివానలు చూసింది. ఆరు చెక్కలు మార్పించుకుంది. ఇంకా నిలబడే ఉంది. టేపు లోపల మేకుకి వేలాడుతోంది. ఇంటి మొత్తంలో మరిది కొట్టిన మేకు అదొక్కటే, అదీ పెద్దక్క పోయాక. ఎడమ పక్క కింది ముక్క మాత్రం మళ్ళీ దాని చోటికి రాలేదు. చెల్లెలి వంటింట్లో పళ్ళెంగా ఉండిపోయింది. పదింటికి ఆవిడ ఇప్పటికీ దాని మీద రెండు గ్లాసులు పెట్టుకుని, కిటికీ రెక్క బార్లా తీసి కూర్చుంటుంది. ఎవరైనా పలకరిస్తే, ఉండండి, మీరు మాట్లాడుతుంటే కేక వినబడదంటుంది.